పాత వీడియో గేములు, వింత రిమోట్లు: చెన్నైలో తరచుగా అడిగే ప్రశ్నలు

పెరంబూరులో మా మేడమీద గదిలో ఆదివారం సాయంత్రాలు నలుగురైదుగురు తెలుగువాళ్లం చేరి పాత వీడియో గేములు ఆడుతుంటాం. వచ్చినవారు అడిగేవి, రాలేక ఫోనులో అడిగేవి కలిపినా ఇరవై ప్రశ్నలకు మించవు. ప్రతిసారీ మొదటినుంచి చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి ఇక్కడ రాసిపెట్టాను. ఒక మాట ముందే చెప్పాలి. రిమోట్ అంటే కంట్రోలర్, క్యాసెట్టు అంటే కార్ట్రిడ్జ్. చిన్నప్పుడు అలాగే అన్నాం, ఇప్పుడు మార్చుకోవడం నావల్ల కాదు.

ఆటలన్నీ ఫోనులోనే వస్తున్నాయి. ఈ పాత సామాను ఎందుకు?

ఆట మాత్రమే కావాలంటే ఫోను చాలు. నేను కూడా తెలియని ఆటను ముందు కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ మీద ఆడి చూసి, నచ్చితేనే క్యాసెట్టు కోసం వెతుకుతాను. ఎమ్యులేటర్ పాత యంత్రంలోని చిప్పును చక్కగా అనుకరిస్తుంది. చేతిలో ఉండవలసిన వస్తువును మాత్రం తెచ్చి ఇవ్వలేదు.

1977లో వచ్చిన అటారి 2600కు ప్యాడిల్ అనే రిమోట్ ఉండేది. పాత రేడియోలో స్టేషన్ తిప్పే గుండీ లాంటిది, పక్కన ఒక బటను. లోపల ఉన్నది కూడా రేడియో వాల్యూమ్‌లో ఉండే పొటెన్షియోమీటరే. గుండీని ఎంత తిప్పితే తెరమీద బ్యాటు అంత జరుగుతుంది, ఎక్కడ ఆపితే అక్కడ నిలుస్తుంది. అదే ఆటను బాణం గుర్తుల బటన్లతో ఆడి చూడండి, చేతులకు సంకెళ్లు వేసినట్టు ఉంటుంది. ప్లేస్టేషన్ కోసం నామ్కో చేసిన నెగ్కాన్ ఇంకో విచిత్రం. అది మధ్యలో రెండు భాగాలుగా ఉంటుంది, తడిబట్ట పిండినట్టు మెలితిప్పాలి. మణికట్టు ఎంత తిరిగితే కారు అంత మలుపు తీసుకుంటుంది. ఇవి చేతిలోకి వచ్చాకే ఆ ఆటలను ఎందుకు అలా తయారుచేశారో నాకు అర్థమైంది. అందుకే నా డబ్బులో ఎక్కువ భాగం క్యాసెట్లకు కాక రిమోట్లకు పోతుంది.

చెన్నైలో ఎక్కడ దొరుకుతాయి?

అందరూ ముందు రిచీ స్ట్రీట్ పేరు చెబుతారు. మౌంట్ రోడ్డు పక్కన, చింతాద్రిపేటలో ఉన్న ఆ వీధికి నేను నెలకు రెండుసార్లయినా వెళతాను. అయితే పాత గేముల కోసం కాదు. వాటిని బతికించే సామాను కోసం: కెపాసిటర్లు, స్విచ్చులు, ఎ.వి. వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, సోల్డరింగ్ తీగ. ఏ కొట్టులో ఏది దొరుకుతుందో తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది. చేతిలో పాత విడిభాగం పట్టుకుని వెళ్లి చూపించడమే సులువైన దారి. పేరు చెబితే వేరేది ఇస్తారు, వస్తువు చూపిస్తే సరైనది ఇస్తారు.

బీచ్ స్టేషన్ దగ్గరి బర్మా బజార్ 1969లో బర్మా నుంచి తిరిగి వచ్చినవారి కోసం ఏర్పడింది. మా చిన్నతనంలో విదేశీ వస్తువు కావాలంటే అక్కడికే వెళ్లేవాళ్లం. ఇప్పుడు వెళితే ఫోన్లూ వాటి తొడుగులే ఎక్కువ. బెంగళూరు మిత్రులు అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి. రోడ్డు గురించి ఇంచుమించు ఇదే చెబుతారు.

నిజంగా సరుకు ఉన్నది బజారులో కాదు, బంధువుల అటకల మీద. సింగపూరు నుంచో గల్ఫ్ నుంచో ఎవరో తెచ్చినవి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఎవరూ ముట్టనివి అక్కడే ఉన్నాయి. పెళ్లిళ్లలో కనపడిన ప్రతివారినీ "మీ అటక మీద పాత టీవీ గేమ్ ఏదైనా ఉందా?" అని అడుగుతాను. మా ఆవిడ ఆ సమయంలో పక్కకు జరిగి నిలబడుతుంది. తిరుపతిలో మా పెద్దమ్మగారి అటక మీద, ఖాళీ డాల్డా డబ్బాలో, కందిపప్పు పొట్టు మధ్య నాకు ఒక లైట్ గన్, అంటే టీవీ తెరకు గురిపెట్టి ఆడే తుపాకీ రిమోట్, దొరికింది. వైరును ఎలుక కొరికింది తప్ప తక్కినదంతా బాగుంది.

మొదట ఏది కొనాలి?

మీరు చిన్నప్పుడు ఆడినదే. మనలో చాలామందికి అది అసలైన నింటెండో కాదు. 1983లో నింటెండో సంస్థ జపాన్‌లో తెచ్చిన ఫామికామ్‌ను అనుకరించిన యంత్రాలే మన ఇళ్లకు చేరాయి. మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లు గుర్తుండే ఉంటాయి. వాటిని నకిలీ అని తీసిపారేసే సేకర్తలు ఉన్నారు. నేను వారితో ఏకీభవించను. మన దేశంలో వీడియో గేముల చరిత్ర అంటే చాలావరకు ఈ అనుకరణల చరిత్రే. ఒక్క చిక్కు ఉంది. మూత విప్పితే వాటిలో చాలావాటికి లోపల విడి చిప్పులు ఉండవు, సర్క్యూట్ బోర్డు నడుమ నల్లటి తారుచుక్క లాంటిది ఒకటి గడ్డకట్టి ఉంటుంది. యంత్రమంతా ఆ చుక్క కిందే. అది పోతే బాగుచేయడం కుదరదు, కాబట్టి ఆడించి చూశాకే కొనండి.

9999 ఆటల క్యాసెట్టులో నిజంగా అన్ని ఆటలు ఉంటాయా?

ఉండవు. కొద్దిపాటి ఆటలే పేరు మార్చుకుని, మొదలయ్యే దశ మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తాయి. అది తెలుసుకోవడానికి ఒక వేసవి సెలవులు పట్టిన తరం మాది.

మోసపోకుండా కొనడం ఎలా?

వెళ్లేటప్పుడు మీతో పనిచేసే క్యాసెట్టు ఒకటి, ఎ.వి. వైరు, నాలుగు పెన్సిల్ సెల్స్ తీసుకెళ్లండి. 1989 నాటి గేమ్ బాయ్‌కు, అంటే చేతిలో పట్టుకుని ఆడే నింటెండో యంత్రానికి, సరిగ్గా నాలుగే కావాలి. "ఇంట్లో బాగానే పనిచేసింది, సెల్స్ లేక చూపించలేకపోతున్నాను" అనే మాటకు అప్పుడు చోటుండదు.

నకిలీలు ఎక్కువగా గేమ్ బాయ్ అడ్వాన్స్ క్యాసెట్లలో కనిపిస్తాయి. లేబుల్‌ను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకోండి. అసలైన వాటిలో సాధారణంగా లేబుల్ మీద సన్నగా నొక్కిన అంకెలు కనిపిస్తాయి. కింద పిన్నుల పైన బోర్డు అంచున నింటెండో పేరు అచ్చయి ఉంటుంది. వెనుక మరకు మూడు రెక్కల గాడి ఉంటుంది. మామూలు నక్షత్రం గాడి ఉంటే అనుమానించండి. ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పవద్దు, మూడూ చూడండి. ధర విషయంలో నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. పనిచేయని వస్తువును చెడిపోయిన వస్తువు ధరకే కొనాలి, "చిన్న రిపేరే" అన్నది అమ్మేవారి అభిప్రాయం.

పాత డబ్బా టీవీ తప్పనిసరా?

మామూలు రిమోట్‌తో ఆడేవారికి కాదు. తుపాకీతో ఆడేవారికి తప్పనిసరి. దీనికి కారణం తెలుసుకోవడం నాకు ఆటకంటే ఎక్కువ ఆనందాన్నిచ్చింది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నింటెండో తుపాకీ తెరమీదికి ఏమీ కాల్చదు. దాని గొట్టంలో ఉన్నది వెలుతురును గుర్తించే ఒక చిన్న కన్ను. మీరు ట్రిగ్గర్ నొక్కగానే యంత్రం ఒక్క క్షణం తెరంతా నల్లగా చేస్తుంది, వెంటనే ఆటలో మీరు కాల్చవలసిన బాతు ఉన్నచోట మాత్రం తెల్లటి చతురస్రం గీస్తుంది. ముందు చీకటి, తర్వాత వెలుతురు కనిపిస్తే తగిలినట్టు. మొదట చీకటి ఎందుకంటే, తుపాకీని బల్బు వైపు తిప్పి గెలిచేవారిని పట్టుకోవడానికి. ఇదంతా సెకనులో పదో వంతులోపే ముగుస్తుంది. ఇప్పటి పలుచని టీవీలు వచ్చిన బొమ్మను కాస్త సవరించి, ఆలస్యంగా చూపిస్తాయి. తెల్ల చతురస్రం తెరమీదికి వచ్చేసరికి యంత్రం అడగవలసింది అడిగేసి ముందుకు పోయి ఉంటుంది. పైగా ఆ కంటిని పిక్చర్ ట్యూబ్ గీతగీతగా వెలిగే వేగానికి, అంటే సెకనుకు దాదాపు 15 వేల గీతలకు తగ్గట్టు అమర్చారు. పలుచని తెర అలా వెలగదు. ప్లేస్టేషన్ తుపాకీ గన్‌కాన్ ఇంకో రకంగా పనిచేస్తుంది. పసుపు వీడియో వైరుకు దాన్ని కలిపి, ట్యూబ్‌లోని కిరణం ఏ క్షణంలో ఎక్కడ ఉందో లెక్కగట్టి గురి తెలుసుకుంటుంది. దానికీ డబ్బా టీవీయే కావాలి.

డబ్బా టీవీ దొరకడం తమిళనాడులో కష్టం కాదు. 2006లో వచ్చిన ప్రభుత్వం ఇంటింటికీ ఉచితంగా పంచిన 14 అంగుళాల కలర్ టీవీలు చాలా ఇళ్లలో ఇప్పటికీ మూలన ఉన్నాయి. ఎవరైనా ఇస్తామంటే వద్దనకండి. అయితే వెనుక మూత విప్పవద్దు. ప్లగ్గు తీసేసినా పిక్చర్ ట్యూబ్‌లో ప్రాణం తీయగల వోల్టేజి నిలిచి ఉండవచ్చు. ఇది టీవీ మెకానిక్ పని, మన పని కాదు.

జపాన్ యంత్రం మన కరెంటుకు పనిచేస్తుందా?

నేరుగా పెడితే కాలిపోతుంది. జపాన్‌లో 100 వోల్టులు, అమెరికాలో 120, మన దగ్గర 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. అది ఒక్కటే చాలదని నేను డబ్బు పోసి నేర్చుకున్నాను.

నా ఫామికామ్ అడాప్టర్ లేకుండా వచ్చింది. సొరుగులో యూరప్ నుంచి వచ్చిన ఎన్.ఇ.ఎస్. (ఫామికామ్‌కు విదేశాల్లో అమ్మిన రూపం) అడాప్టర్ ఉంది. రెండూ నింటెండోవే, పిన్ను సరిగ్గా దూరింది, 230 వోల్టులకు తయారైనదే. ఇంకేం కావాలి అనుకున్నాను. స్విచ్చు వేసిన కొద్ది సేపటికి కాలిన బెల్లం లాంటి వాసన వచ్చింది. తర్వాత అడాప్టర్ తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో ఉంది: అది ఇచ్చేది 9 వోల్టుల ఎ.సి. ఫామికామ్‌కు కావలసింది 10 వోల్టుల డి.సి., అదీ పిన్ను మధ్యభాగం నెగెటివ్‌గా. ఎన్.ఇ.ఎస్. లోపల ఎ.సి.ని డి.సి.గా మార్చే ఏర్పాటు ఉంది, ఫామికామ్‌లో లేదు. అదృష్టం బాగుండి వోల్టేజిని అదుపుచేసే 7805 రెగ్యులేటర్, ఒక కెపాసిటర్ మాత్రమే పోయాయి. మర్నాడు రిచీ స్ట్రీట్‌లో ఆ రెండూ కలిపి టిఫిన్ ఖర్చులో వచ్చాయి. అప్పటినుంచి ప్రతి అడాప్టర్ మీదా అది దేనిదో తెల్ల టేపు మీద రాసి అంటించాను.

బొమ్మ సంగతి వేరు. జపాన్, అమెరికా యంత్రాలు ఎన్.టి.ఎస్.సి. పద్ధతివి, మనది పాల్. పాల్ మాత్రమే తెలిసిన టీవీలో బొమ్మ నలుపు తెలుపుల్లో రావచ్చు, లేదా పైకి కిందికి దొర్లవచ్చు. మొదటితరం ఫామికామ్‌కు ఎ.వి. రంధ్రమే లేదు, యాంటెనా వైరుతోనే పనిచేస్తుంది, అదీ జపాన్ చానెళ్ల మీద. ఈ తలనొప్పి వద్దనుకుంటే 1993లో వచ్చిన ఎ.వి. ఫామికామ్ చూడండి.

క్యాసెట్టులో ఊదితే పనిచేస్తుంది కదా?

పనిచేసేది ఊదినందుకు కాదు, తీసి మళ్లీ పెట్టినందుకు. నోటి తడి పిన్నులకు తుప్పు పట్టిస్తుంది. చెవి శుభ్రం చేసుకునే దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిన్నుల మీద నిలువుగా రుద్దండి, నల్లటి మురికి వస్తుంది. మురికి రావడం ఆగేదాకా పుల్లలు మార్చండి. ఆరాకే పెట్టండి.

ఉప్పుగాలి, వాన, ఉక్కపోత. ఎలా దాచాలి?

బెసెంట్ నగర్ మిత్రుడి ఇంట్లో మరలు తుప్పు పట్టినంత వేగంగా మా పెరంబూరులో పట్టవు. సముద్రానికి దగ్గరగా ఉన్నవారు మూతబిగిసే ప్లాస్టిక్ డబ్బాలు, సిలికా జెల్ పొట్లాలు వాడాల్సిందే. సెల్స్ తీసేసి దాచండి, లోపలే వదిలితే కారి స్ప్రింగులను తినేస్తాయి. ఇంకొకటి, కింది అరలో ఏమీ పెట్టవద్దు. 2015 డిసెంబరు వరదల్లో మా బృందంలో ఒకరి సెగా మెగా డ్రైవ్, దాని పెట్టె, పుస్తకం అన్నీ మోకాలిలోతు నీళ్లలో రెండు రోజులు ఉన్నాయి. యంత్రం ఎండబెట్టాక పనిచేసింది. అట్టపెట్టె పప్పులా ఉడికిపోయింది. ఆయన ఇప్పటికీ పెట్టె గురించే బాధపడతారు.

దాచుకున్న ఆట అంతా పోయింది. ఎందుకు?

క్యాసెట్టు లోపల గడియారం బ్యాటరీ లాంటిది ఒకటి ఉంటుంది. మీరు ఎంతవరకు ఆడారో గుర్తుపెట్టుకునేది దాని బలంతోనే. మార్చవచ్చు, కానీ ముందు నంబరు చూడండి: కొన్నిటికి సి.ఆర్. 2032, కొన్నిటికి 2025, ఇంకొన్నిటికి 1616. సోల్డర్ చేయడానికి రేకులు అతికించి ఉన్నదే కొనండి. టేపుతో అంటించే పని చేయవద్దు. మార్చేటప్పుడు పాత ఆట పోతుంది, దానికి మానసికంగా సిద్ధపడండి.

వింత రిమోట్లలో మొదట ఏది ప్రయత్నించాలి?

ఖర్చు లేనిది మొదటితరం ఫామికామ్ రెండో రిమోట్. దాని మీద స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండవు, బదులుగా చిన్న మైకు ఉంటుంది. జెల్డా అనే ఆట జపాన్ రూపంలో పెద్ద చెవుల శత్రువు ఒకటుంది, మైకులో గట్టిగా అరిస్తే చస్తుంది. అర్ధరాత్రి ఆడకండి.

కాలితో ఆడే చాపలు తేలిగ్గా దొరుకుతాయి. 1986లో జపాన్‌లో బాండాయ్ తెచ్చిన ఫ్యామిలీ ట్రైనర్ చాప మీద పరుగు పందెం ఆడాలి. పిల్లలు రెండు నిమిషాల్లో కిటుకు కనిపెడతారు: నేలమీద కూర్చుని అరచేతులతో చాపను బాదడం.

మా గదిలో అందరూ వంతు కోసం ఎదురుచూసేది మాత్రం రైలు రిమోట్. జపాన్‌లో టైటో సంస్థ 1990లలో తెచ్చిన డెన్షా దే గో అనే ఆట కోసం తయారైనది. ఎడమచేతికి వేగం పిడి, కుడిచేతికి బ్రేకు పిడి, రెండూ మెట్లుమెట్లుగా టకటకమని కదులుతాయి. ఆటలో శత్రువులు లేరు, తుపాకులు లేవు. వేళకు స్టేషన్ చేరి, ప్లాట్‌ఫారం మీది గుర్తు దగ్గర ఆపాలి. అంతే. విన్నవాళ్లు నవ్వుతారు, మొదటిసారి పట్టుకున్నవాళ్లు గుర్తుకు చాలా ముందే ఆగిపోతారు, లేదా దాటిపోతారు.

మా బృందంలో ఒక పెద్దాయన సబర్బన్ రైళ్లు నడిపి రిటైరయ్యారు. మేమంతా బాబాయ్‌గారు అంటాం. బీచ్ నుంచి తాంబరం దాకా ఎన్నేళ్లు తిరిగారో ఆయనకే తెలుసు. వీడియో గేములంటే చిన్నపిల్లల వ్యవహారం అని మూడు వారాలు కాఫీ తాగి వెళ్లిపోయారు. నాలుగో వారం మా వాడు గుర్తు దాటి ఆపడం చూసి ఉండబట్టలేక, "బ్రేకు ఒక్కసారిగా వేయకూడదయ్యా. వేసి, వదిలి, మళ్లీ వేయాలి. లోపల నిలబడ్డవాళ్లు ఏమైపోతారు?" అని రిమోట్ తీసుకున్నారు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, కుడిచెయ్యి పిడి మీద బరువు వేయకుండా ఉంచి, ప్లాట్‌ఫారం మొదలు కనపడగానే మూడు మెట్లు వేశారు. ఒకటి వదిలారు. చివర్లో మొత్తం వదిలేశారు, రైలు తనంతట తానే ఆగినట్టు ఆగింది. గుర్తుకు జానెడు దూరం. తెరమీద జపాన్ భాషలో ఏదో మెచ్చుకోలు వచ్చింది. ఆయన అది చూడలేదు, "తలుపులు తెరవడానికి బటనేది?" అని అడిగారు.

సెగా యంత్రం డ్రీమ్‌కాస్ట్‌కు వచ్చిన గాలం రిమోట్ కూడా బాగుంటుంది. చక్రం తిప్పాలి, చేప తగిలితే పిడి వణుకుతుంది. దానితో సోల్ క్యాలిబర్ కత్తియుద్ధం కూడా ఆడవచ్చు, గాలం విసిరితే కత్తి విసురుతుంది.

పవర్ గ్లవ్ నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది, చెప్పిన మాట వినదు. 1989లో అమెరికాలో మాటెల్ అమ్మిన ఈ చేతితొడుగు వేళ్ల వంపును, చెయ్యి ఎక్కడుందన్న సంగతిని పసిగట్టాలి. టీవీ చుట్టూ మూడు చిన్న మైకులు పెట్టి, తొడుగు నుంచి వచ్చే చెవికి వినపడని శబ్దాన్ని వాటితో పట్టుకుంటుంది. ఆలోచన అద్భుతం. కానీ దాని కోసమని ప్రత్యేకంగా వచ్చిన ఆటలు రెండే. మే నెల చెన్నైలో ఆ మందపాటి ప్లాస్టిక్ తొడుగు వేసుకుని పది నిమిషాలు చెయ్యి చాచి నిలబడితే మూడో ఆట ఎందుకు రాలేదో అర్థమవుతుంది. గోడకు తగిలించడానికి మాత్రం ఇంత అందమైనది లేదు.

కొనవద్దని చెప్పేది ఏదైనా ఉందా?

మీ ఇంట్లో భోజనాల బల్ల ఒక్కటే ఉంటే, స్టీల్ బెటాలియన్. 2002లో ఎక్స్‌బాక్స్ కోసం క్యాప్‌కామ్ తెచ్చిన ఈ రిమోట్‌కు దాదాపు నలభై బటన్లు, రెండు పిడులు, కింద మూడు పెడళ్లు. మీ యుద్ధయంత్రం పేలిపోయేలోపు బయటికి దూకే బటను నొక్కకపోతే మీరు దాచుకున్న ఆటను చెరిపేస్తుంది. దాని పొగరు నాకు నచ్చింది, దాని పొడవు మా గదికి నచ్చలేదు.

బటను నొక్కితే పలకడం లేదు. పారేయాలా?

ఎందుకు? మరలు తీసి లోపలి రబ్బరు తట్టులను, బోర్డు మీది నల్లటి మచ్చలను మెల్లగా తుడవండి, ఎక్కువసార్లు అదే చాలు. బటన్లన్నీ పలకకపోతే వైరు తెగింది. నింటెండో రిమోట్‌లో వైర్లు అయిదే. లోపలి చిప్పు ఎనిమిది బటన్ల సంగతిని ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే వైరు మీద పంపుతుంది, కాబట్టి ఒక్క వైరు పోతే అన్నీ పోతాయి. సాధారణంగా తెగేది పిల్లలు చుట్టి లాగే చోట, రిమోట్ మెడ దగ్గర. ఇంకో జాగ్రత్త: తొమ్మిది పిన్నుల ప్లగ్గు ఉన్నవన్నీ ఒకటి కాదు. మన టీవీ గేముల రిమోట్ మెగా డ్రైవ్‌లో చక్కగా దూరుతుంది, లోపలి వైరింగ్ మాత్రం వేరు.

మనవాళ్లు తయారుచేసిన పాత ఆట ఏదైనా ఉందా?

ఉంది. ప్లేస్టేషన్ 2 కోసం 2009లో వచ్చిన హనుమాన్: బాయ్ వారియర్. చేసింది హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్. ఆట గొప్పదని అనను, కెమెరా మన మాట వినదు. అయినా తెలుగు నేల మీద తయారై ఆ డిస్కు మీదికి ఎక్కింది, నా అరలో దానికి ముందువరుసలోనే చోటుంది.

పసుపు రంగుకు తిరిగిన ప్లాస్టిక్‌ను తెల్లగా చేయవచ్చా?

హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టి చేస్తారు. ఎండకు మనకు కరువు లేదు. నేను చేయను, మచ్చలు మచ్చలుగా వస్తే పసుపే నయమనిపిస్తుంది.

పిల్లలను ముట్టనివ్వవచ్చా?

ముట్టనివ్వకపోతే ఇదంతా ఎవరికోసం? ట్రాన్స్‌ఫార్మర్, అడాప్టర్లు మాత్రం పెద్దల చేతిలో ఉండాలి.

మీ దగ్గరున్నవి అమ్ముతారా?

లేదు. మార్చుకోవడానికి సిద్ధం. రెండో నెగ్కాన్ ఒకటి ఉంది, పెట్టె లేదు, మెలిక బాగానే పనిచేస్తుంది. దానికి బదులుగా ఎలుక కొరకని లైట్ గన్ వైరు కావాలి. ఆదివారం నాలుగు గంటల తర్వాత రండి. రైలు రిమోట్ ఆరింటిదాకా బాబాయ్‌గారి దగ్గరే ఉంటుంది.